ప్రసార మాధ్యమాలు, నమ్మకం, ఆత్మభావన: తెల్లాపూర్–పటాన్‌చెరు ప్రాంతం

పత్రిక, సినిమా, టీవీ, ఇంటర్నెట్ కలిసి మనిషి ఏది నమ్మాలో, తనను తాను ఏ కొలతతో చూసుకోవాలో ఎలా తీర్చిదిద్దుతాయన్నది ఈ వ్యాసం విషయం. సంగారెడ్డి జిల్లా తూర్పు అంచున ఉన్న తెల్లాపూర్ దీనికి కేంద్రం. రామచంద్రాపురం మండలంలోని ఈ ఊరు 2018లో మున్సిపాలిటీ అయింది. ఒక పక్క గేటెడ్ కమ్యూనిటీల టవర్లు, మరో పక్క బీహెచ్‌ఈఎల్, ఇంకాస్త ముందుకు పోతే పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడలు. ఐటీ ఉద్యోగి, బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి షిఫ్టు చేసే కార్మికుడు, భూమి అమ్ముకున్న రైతు ఇక్కడ ఇరుగుపొరుగు. ముగ్గురి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఆ ఫోన్లలో కనిపించే లోకాలు మాత్రం వేరు.

ఈ విషయం ఎత్తగానే “జనం అమాయకులు, ఏది చెప్పినా నమ్మేస్తారు” అనేవాళ్లుంటారు. ఈ చుట్టుపక్కల జరిగినవి చూస్తే ఆ మాట నిలవదు. మోసపోయినవాళ్లలో ఇంజనీర్లున్నారు, బ్యాంకు లోను లెక్కలు వేలి కొసల మీద వేయగలిగినవాళ్లున్నారు. ఈ మోసాల్లో చాలావాటి వెనక రెండు సరుకులు కనిపిస్తాయి. మనిషిలో అప్పటికే ఉన్న సిగ్గు ఒకటి, అప్పటికే ఉన్న పరిచయం రెండోది. రంగు గురించి, యాస గురించి, అద్దె ఇంటి గురించి లోపల ఉన్న చిన్నతనాన్ని ముందు గెలుకుతారు. ఆపైన తెలిసిన మొహంతో, తెలిసిన గొంతుతో మందు చెప్పిస్తారు. కొత్తగా నమ్మించే శ్రమ ఎవరూ పెట్టుకోరు.

తెర మీది యాస

ఈ జిల్లా పల్లెలకు టీవీ వచ్చిన కథే విచిత్రమైనది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు భారత ప్రభుత్వం అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ‘సైట్’ అనే ప్రయోగం నడిపింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెల్లో టీవీ పెట్టెలు పెట్టి వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ పాఠాలు చూపించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాల్లో ఈ ప్రాంతం ఉన్న అప్పటి మెదక్ కూడా ఉంది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలయింది 1977లో. అంటే సొంత కేంద్రం రాకముందే ఇక్కడి కొన్ని పల్లెలు టీవీ చూశాయి. అది ఎమర్జెన్సీ కాలం. ఏది చూపించాలో, ఏది చూపించకూడదో మొత్తం ప్రభుత్వం చేతిలోనే ఉండేది. రచ్చబండ దగ్గర కూర్చుని చూసే రైతుకు ఎదురు ప్రశ్న వేసే వీలు లేదు.

అయితే తెలంగాణ వాళ్ల ఆత్మభావన మీద ప్రభుత్వ టీవీ కన్నా చాలా లోతైన ముద్ర వేసింది తెలుగు సినిమా. దశాబ్దాల పాటు తెర మీద హీరో, హీరోయిన్, జడ్జీ, లెక్చరర్ ఒక తెలుగు మాట్లాడారు. తెలంగాణ యాస మాట్లాడే అవకాశం రౌడీకో, తాగుబోతుకో, నవ్వించే నౌకరుకో దక్కింది. ఇది ఎవరో గదిలో కూర్చుని పన్నిన కుట్ర కాకపోవచ్చు. పెట్టుబడి, రచయితలు, మార్కెట్ ఎక్కువగా కోస్తా నుంచి రావడమే దీనికి పెద్ద కారణం. ఫలితం మాత్రం కుట్రకు ఏమీ తీసిపోలేదు. కాలేజీలో చేరిన సంగారెడ్డి పిల్లవాడు నోరు విప్పితే పక్కవాళ్లు నవ్వేవాళ్లు. కొన్నాళ్లకు వాడే “వస్తున్న” అనాల్సిన చోట “వస్తున్నానండి” అనడం నేర్చుకునేవాడు. ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష. కవి కాళోజీ నారాయణరావు ఈ భాషా పెత్తనం మీద జీవితమంతా పోట్లాడారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని రాష్ట్రం వచ్చాక తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో నీళ్లు, నిధులు, నియామకాల పక్కనే ఈ అవమానం కూడా నిలబడింది.

తిరుగు ప్రయాణం కూడా మాధ్యమాల మీదుగానే జరిగింది. 2012లో మొదలైన వీ6 చానెల్ వార్తలనే తెలంగాణ మాటలో, వెటకారం కలిపి చెప్పింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ యూట్యూబ్‌లో ఊరి మాటను ఊరి మనుషులతోనే మాట్లాడించింది. అందులో కనిపించిన గంగవ్వ 2020లో బిగ్‌బాస్ ఇంటి దాకా వెళ్లింది. ‘ఫిదా’ (2017)లో హీరోయినే తెలంగాణ యాస మాట్లాడింది. ‘బలగం’ (2023)కి ఊళ్లకు ఊళ్లు తెరలు కట్టుకుని చూశాయి. ఒకప్పుడు దాచుకున్న యాస ఇవాళ ప్రకటనల్లో సరుకు అమ్ముతోంది. అవమానం పోయినందుకు సంతోషించాల్సిందే. కానీ ఆ యాసలో ఇప్పుడు బెట్టింగ్ యాప్ గురించి చెప్పినా మనవాడే చెబుతున్నాడనిపించడం దీని రెండో వైపు. ఆ సంగతి తర్వాత.

రంగు, ఎత్తు, నవ్వు

సిగ్గును సరుకుగా మార్చడంలో మన దేశంలో అందరికన్నా ముందు నడిచినది చర్మం తెల్లబరిచే క్రీము. ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 1975లో మార్కెట్లోకి వచ్చింది. నలుపు రంగు పిల్లకు ఉద్యోగం రాదు, సంబంధం కుదరదు, క్రీము రాయగానే రెండూ నడిచి వస్తాయి: ఈ ఒక్క కథనే దశాబ్దాల తరబడి తిప్పి తిప్పి చూపించారు. నల్లగా ఉన్నవారిని దుఃఖంలో ఉన్నట్టు, వెనకబడినట్టు చూపించకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమం పెట్టింది. 2020లో క్రీము పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ పెట్టారు. పేరు మారింది సరే, పెళ్లి సంబంధాల ప్రొఫైళ్లలో రంగు కాలమ్ అంత తేలిగ్గా మారలేదు. తెలుగు సినిమా కూడా ఉత్తరాది నుంచి తెల్లటి హీరోయిన్లను తెచ్చి, వేరొకరి గొంతు అతికించి, అదే పాఠం చెబుతూ వచ్చింది. మొటిమలు దాచకుండా తెర మీద కనిపించిన నటి సాయిపల్లవి ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటనను వదులుకున్నానని 2019లో చెప్పినప్పుడు అది పెద్ద వార్త కావడమే పరిస్థితి ఎంత ముదిరిందో చెబుతుంది.

ఈ ఒత్తిడి ఆపరేషన్ టేబుల్ దాకా పోయిన సందర్భాలున్నాయి. ‘నువ్వు నాకు నచ్చావ్’తో పరిచయమైన నటి ఆర్తి అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో 31 ఏళ్లకే చనిపోయింది. అంతకు కొన్ని వారాల ముందే కొవ్వు తీయించుకునే లైపోసక్షన్ చేయించుకుంది. 2016లో హైదరాబాద్‌లో ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఇంట్లో చెప్పకుండా ఆస్పత్రిలో చేరి, మూడంగుళాల ఎత్తు కోసం రెండు కాళ్ల ఎముకలూ కోయించుకున్నాడు. ఎముకను కోసి, చట్రం బిగించి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున సాగదీసే చికిత్స అది. గాయం వల్లో, లోపం వల్లో కాలు పొట్టి అయినవారి కోసం ఉద్దేశించింది. ఆ కుర్రాడు పొట్టివాడేమీ కాదు, మామూలు ఎత్తే. 2024 ఫిబ్రవరిలో పెళ్లికి ముందు ‘స్మైల్ డిజైనింగ్’ కోసం జూబ్లీహిల్స్‌లోని క్లినిక్‌కు వెళ్లిన యువకుడు ప్రాణాలతో తిరిగి రాలేదు. మత్తుమందు ఎక్కువైందని కుటుంబం ఆరోపించింది. ఆత్మభావన బాధ ఆడపిల్లలదే అనుకునేవారు ఈ చివరి రెండు సంఘటనలను గమనించాలి.

బొమ్మలు చూస్తే నిజంగా ఇంత జరుగుతుందా అనేవారికి ఫిజీ దీవుల ఉదాహరణ చెప్పొచ్చు. బొద్దుగా ఉండటమే అందమనుకునే ఆ దీవుల్లోని ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. హార్వర్డ్ పరిశోధకురాలు ఆన్ బెకర్ బృందం ఆ ఏడాదీ, తిరిగి 1998లోనూ బడి పిల్లలను అడిగింది. బరువు తగ్గడానికి తిన్నది కక్కుకునేవాళ్లు మొదటిసారి ఒక్కరూ లేరు. మూడేళ్ల తర్వాత 11.3 శాతం అమ్మాయిలు అవునన్నారు. అప్పటికి అక్కడ ఉన్నది టీవీ ఒక్కటే. ఇన్‌స్టాగ్రామ్‌కు వచ్చేసరికి పోలిక సినిమా తారతో ఆగలేదు, పక్క ఫ్లాటు అమ్మాయితో మొదలైంది. శరీరం గురించి అప్పటికే దిగులుపడుతున్న టీనేజీ అమ్మాయిల్లో 32 శాతం మంది ఇన్‌స్టాగ్రామ్ ఆ దిగులును పెంచిందన్నారని ఆ కంపెనీ సొంత పరిశోధనే తేల్చింది. 2021లో ఆ కంపెనీ మాజీ ఉద్యోగి ఫ్రాన్సిస్ హాగెన్ ఆ పత్రాలు బయటపెట్టేదాకా లోకానికి తెలియలేదు.

ఇల్లే హోదా

తెల్లాపూర్‌లో ఆత్మభావనకు అసలు కొలబద్ద ఒళ్లు కన్నా ఇల్లు. ఔటర్ రింగ్ రోడ్డు నుంచి దిగగానే హోర్డింగులు మొదలవుతాయి. వాటి మీద ఉన్న కుటుంబానికి నలుగురే మనుషులు, అత్తామామలు ఉండరు, వంటగదిలో పోపు వాసన ఉండదు. ఇల్లు ఎన్ని చదరపు అడుగులో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పైన పెద్ద అక్షరాల్లో ఉండేది ‘లైఫ్‌స్టైల్’.

హోర్డింగు పని సగమే. మిగతా సగం రీల్ చేస్తుంది. దాని నడక ఎప్పుడూ ఒకటే. డ్రోను పైనుంచి ఖాళీ పొలాన్ని చూపిస్తుంది. తెల్ల చొక్కా వేసుకున్న కుర్రాడు నడుస్తూ “అన్నా, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు పదిహేను నిమిషాలే” అంటాడు. ఆ పదిహేను నిమిషాలు ఆదివారం తెల్లవారుజామువని చెప్పడు. ఆపైన “మా మామకు కూడా ఇక్కడే ఇప్పించిన” అంటాడు. చివర ధర, దానికో గడువు: ఈ శుక్రవారం దాకా ఎస్ఎఫ్‌టీ ఇంత, తర్వాత అంతే సంగతులు. దీన్ని ‘ప్రీ-లాంచ్’ అంటారు. అనుమతులు రాకముందే, కొన్నిసార్లు భూమి పూర్తిగా చేతికి రాకముందే, మొత్తం డబ్బు కట్టించుకుని తక్కువ ధరకు ఇస్తామనడం. కొందరు ఫ్లాటు బదులు భూమిలో విడదీయని వాటా, అంటే ‘యూడీఎస్’ రిజిస్టర్ చేసి పెడతారు. కాగితం చేతిలో ఉంది కదా అని కొన్నవాడు ధైర్యంగా ఉంటాడు.

చట్టం దీన్ని ఎప్పుడో ఆపింది. 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ఏ ప్రాజెక్టునైనా స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు చేయకుండా ప్రకటించకూడదని, అమ్మకూడదని 2016 నాటి చట్టంలోని 3వ సెక్షన్ చెబుతుంది. తప్పుడు ప్రకటన నమ్మి నష్టపోతే వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడిగే హక్కు 12వ సెక్షన్ ఇస్తుంది. అయినా పక్కనున్న అమీన్‌పూర్‌లో టవర్లు కడతామని ప్రీ-లాంచ్ పేరుతో వందల కోట్లు వసూలు చేసిందన్న కేసులో సాహితి ఇన్‌ఫ్రా సంస్థ అధిపతిని 2022 డిసెంబరులో హైదరాబాద్ సెంట్రల్ క్రైమ్ స్టేషన్ (సీసీఎస్) పోలీసులు అరెస్టు చేశారు. ఇలాంటి చోట కొనేవాళ్లలో చాలామంది హోర్డింగు చూసి కాదు, ఆఫీసులో తోటివాడు కొన్నాడని కొంటారు. ఆ తోటివాడు ఇంకొకడు కొన్నాడని కొని ఉంటాడు.

చూపించనిది కూడా ప్రచారంలో భాగమే. ‘లేక్ వ్యూ’ అన్న మాట ఈ చుట్టుపక్కల ప్రాజెక్టులకు ప్రాణం. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చిన సంగతి నిజం, అది బ్రోచర్లకు ఎక్కదగినదే. అదే పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. మందు మింగిన రోగి రక్తంలో ఉండేదాని కన్నా అది ఎక్కువ. ప్రపంచ శాస్త్ర పత్రికల్లో పటాన్‌చెరు పేరు మారుమోగింది. బ్రోచర్లకు ఆ కబురు అందినట్టు లేదు.

వదంతి దారి

వదంతికి ఇంటర్నెట్ అక్కర్లేదు. తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న రోజులు చాలామందికి గుర్తే. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడన్న కబురు ల్యాండ్‌లైన్ల మీదే ఒక్క పూటలో దేశమంతా తిరిగింది. వాట్సాప్ చేసింది వేగం పెంచడం, దానికి వీడియో సాక్ష్యం తగిలించడం.

2018 మే, జూన్ నెలల్లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న సందేశాలు తెలంగాణ ఊళ్లను పట్టి కుదిపేశాయి. వాటితో తిరిగిన ఒక వీడియోలో బైకు మీద వచ్చిన ఇద్దరు ఆడుకుంటున్న పిల్లవాడిని ఎత్తుకుపోతారు. అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన అవగాహన చిత్రం. చివర్లో వాళ్లు పిల్లవాడిని వెనక్కి తెచ్చి దింపి, జాగ్రత్త చెప్పే బోర్డు చూపిస్తారు. ఎవరో ఆ చివర కత్తిరించారు, అంతే. దానికి తెలుగులో ‘మన మండలంలోనే’ అన్న ముక్క అతికించారు. పంపింది బావమరిదో, సర్పంచో కాబట్టి అడిగేవాడు లేడు. ఒకే మాట మళ్లీ మళ్లీ వింటే నిజమనిపించడాన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లోనే ప్రయోగాల్లో చూపించారు. నాలుగు గ్రూపుల్లో వచ్చిన ఒకే ఫార్వర్డ్ నలుగురు సాక్షుల్లా పని చేస్తుంది.

2018 జూలై 13న జహీరాబాద్ సరిహద్దు అవతల, కర్ణాటకలోని బీదర్ జిల్లా ముర్కి గ్రామంలో ఇది ప్రాణం తీసింది. హైదరాబాద్ నుంచి వెళ్లిన స్నేహితులు దారిలో బడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. వాళ్ల ఫొటోలు, వీడియోలు గ్రూపుల్లోకి వెళ్లాయి. కారు కన్నా ముందు కబురు తర్వాతి ఊరికి చేరింది. అక్కడ దారికి అడ్డం వేశారు. 32 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకరు చనిపోయారు. ఆ నెలలోనే వాట్సాప్ భారత్‌లో ఒక సందేశాన్ని ఐదుగురికి మించి ఒకేసారి పంపే వీలు తీసేసింది. 2020 ఏప్రిల్‌లో బాగా తిరిగిన సందేశాలను ఒకసారికి ఒక్కరికే పంపేలా బిగించింది. దానితో అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని కంపెనీయే చెప్పుకుంది. ఆ లెక్క నిజమైతే, ముందే చేయగలిగిన పనిని ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదన్న ప్రశ్న మిగులుతుంది.

2018లోనే జోగుళాంబ గద్వాల, వనపర్తి జిల్లాల్లో ఎస్పీ రెమా రాజేశ్వరి వేరే దారి పట్టారు. ఊరికో పోలీసును కేటాయించి, వాళ్లు ఊరి జనంతో పరిచయాలు పెంచుకునేలా చేశారు. డప్పు కొట్టించి, పాట కట్టించి వదంతి సంగతి చెప్పించారు. ఆమె పరిధిలోని నాలుగు వందల పైచిలుకు ఊళ్లలో ఒక్క ప్రాణమూ పోలేదు. పరిచయంతో వచ్చిన అబద్ధాన్ని పరిచయంతోనే తిప్పికొట్టవచ్చనడానికి తెలుగు నేల మీద ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

కొన్న వార్త, చేసిన బొమ్మ

పాత పత్రికలు పవిత్రంగా ఉండేవన్న భ్రమ అక్కర్లేదు. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని ప్రకటనలను వార్తల రూపంలో వేసిన తీరును ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘమే బయటపెట్టింది. తర్వాత ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో కె. శ్రీనివాస్ రెడ్డి తెలుగు పాత్రికేయుడే, రెండో సభ్యుడు పరంజయ్ గుహా ఠాకుర్తా. పేర్లతో సహా వాళ్లిచ్చిన నివేదికను కౌన్సిల్ కుదించి విడుదల చేసింది. పూర్తి పాఠం బయటికి రావడానికి సమాచార హక్కు చట్టం కావాల్సి వచ్చింది.

ఇప్పుడు డబ్బు లేకుండానే సాక్ష్యాన్ని తయారు చేయవచ్చు. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న మొహం అతికించిన డీప్‌ఫేక్ వీడియో దేశాన్ని కలవరపెట్టింది. ఢిల్లీ పోలీసులు 2024 జనవరిలో పట్టుకున్నది గుంటూరు జిల్లాకు చెందిన ఒక యువ ఇంజనీరును. ఆమె పేరిట తను నడిపే అభిమాన పేజీకి ఫాలోవర్లను పెంచుకోవడానికే చేశాడని పోలీసులు చెప్పారు. ద్వేషంతో కాక అభిమానం పేరుతో చేసిన నేరం కావడమే ఇందులో ఆలోచించాల్సిన విషయం.

తెల్లాపూర్‌కు కూతవేటు దూరంలో, 2025 వసంతంలో, ఇంకో రకం చిక్కు వచ్చింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో ప్రభుత్వం యంత్రాలతో చెట్లు కొట్టించింది. అది కళ్ల ముందు జరిగిన నిజం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. అదే సమయంలో బుల్డోజర్ల ముందు పరుగెత్తే జింకలు, ఏడ్చే నెమళ్ల కృత్రిమ మేధ బొమ్మలు లక్షల ఫోన్లలో తిరిగాయి. వాటిని పంచుకున్నవారికి పోలీసులు నోటీసులిచ్చారు. అందులో ఐఏఎస్ అధికారి స్మితా సభర్వాల్ ఒకరు. నిజమైన దుఃఖానికి అబద్ధపు బొమ్మ తోడైతే లాభపడేది ఎదుటి పక్షమే. చర్చ చెట్ల మీది నుంచి బొమ్మల మీదికి మళ్లింది.

పక్కింటి కుర్రాడు చెప్పిన ఆట

తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు 2017 నుంచి నిషిద్ధం. అయినా బెట్టింగ్ యాప్‌ల ప్రచారం ఆగలేదు. కారు, ఐఫోను, కట్టల నోట్లు చూపిస్తూ “నేను సంపాదించిన, నువ్వెందుకు సంపాదించవు” అనే యూట్యూబర్లు ఊరూరా పుట్టారు. అప్పటి ఆర్టీసీ ఎండీ వి.సి. సజ్జనార్ వీళ్ల వీడియోలను ఒక్కొక్కటే బయటపెట్టడం మొదలెట్టాక, 2025 మార్చిలో తెల్లాపూర్‌కు దగ్గర్లోని మియాపూర్ స్టేషన్‌లో సినీ తారలు, యూట్యూబర్లు కలిపి 25 మంది మీద కేసు నమోదైంది. రానా, విజయ్ దేవరకొండ, ప్రకాశ్‌రాజ్ పేర్లు అందులో ఉన్నాయి. చట్టం ఒప్పుకున్న నైపుణ్య ఆటలకే ప్రచారం చేశామని, లేదా తెలియక చేసి మానేశామని వాళ్లలో కొందరు వివరణ ఇచ్చారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, వాటి ప్రకటనలనూ నిషేధిస్తూ చట్టం చేసింది.

తారల పేర్లే పతాక శీర్షికలకెక్కాయి గానీ, పారిశ్రామికవాడ గదుల్లో పని చేసేది చిన్న యూట్యూబరే. హీరో మాట ప్రకటన అని అందరికీ తెలుసు. మన యాసలో, మన గల్లీలో నిలబడి మాట్లాడేవాడు అన్నలాగా కనిపిస్తాడు. ఆడి పోగొట్టుకున్నాక తెరుచుకునే తలుపు లోన్ యాప్. 2020 డిసెంబరులో తెలంగాణలో వరుస ఆత్మహత్యల తర్వాత ఈ యాప్‌ల పద్ధతి బయటపడింది. అప్పు ఇచ్చే ముందే ఫోనులోని నంబర్లన్నీ లాగేస్తాయి. వాయిదా తప్పగానే మార్ఫింగ్ చేసిన ఫొటోను అత్తకు, మేనేజరుకు, చిన్ననాటి స్నేహితుడికి పంపుతాయి. తాకట్టు పెట్టుకున్నది పరువు. ఇలాంటివి ఎదురైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

మాచునూరు రేడియో

ఇదే జిల్లా పడమటి కొసన, జహీరాబాద్ దగ్గర మాచునూరులో, ఈ కథ తలకిందులుగా నడిచింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక జొన్న, కొర్ర, సామ తినడం పేదరికానికి గుర్తయింది. చుట్టం వస్తే రొట్టె దాచి అన్నం పెట్టేంత చిన్నతనం. పి.వి. సతీష్ ప్రభృతులు నడిపిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో సంఘాలుగా చేరిన దళిత మహిళలు ఆ పంటలను తిరిగి పొలానికి తెచ్చారు. 2008 అక్టోబరు 15న తమ సొంత ‘సంఘం రేడియో’ మొదలుపెట్టారు. సుమారు పాతిక కిలోమీటర్ల మేర వినిపించే 90.4 మెగాహెర్ట్జ్ కేంద్రం అది. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు ధర్మాసనంలోని జస్టిస్ పి.బి. సావంత్ దాన్ని ప్రారంభించారు. మైకు ముందు కూర్చున్నది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. విత్తనం దాచే తీరు, పురిటి మందు, పండగ పాట, ఏదైనా వాళ్ల మాటలోనే.

అంతకు ముందే ఈ సంఘాల స్త్రీలు కెమెరా పట్టారు. జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తి వేస్తే పురుగు రాదు, ఖర్చు తగ్గుతుంది, దిగుబడి పెరుగుతుందని 2002లో ప్రచారం హోరెత్తినప్పుడు, వాళ్లు వరంగల్ వెళ్లి ఆ సీజనంతా అదే రైతుల దగ్గరికి మళ్లీ మళ్లీ పోయి, విత్తనం వేసిన రోజు ఏమన్నారో, పూత రాలినప్పుడు ఏమన్నారో, అమ్మకం అయ్యాక ఏమన్నారో చిత్రీకరించారు. ఆ చిత్రం పరాయి భాషల్లోకి వెళ్లింది. దాన్ని చూపించడానికి ఆ స్త్రీలే ఆఫ్రికా దేశాలకు వెళ్లి, అక్కడి రైతుల ప్రశ్నలకు జవాబులు చెప్పారు.